గూడుబండియు బిడ్డల పెంపకమును



గృహస్థాశ్రమమును గూర్చి ప్రసంగించువారు సాధారణముగా దానముతోనో, అతిథిసత్కారముతోనో యారంభింతురు. నేను గూడుబండితో నారంభింపఁ దలఁచితిని. ఇది పరిహాసమునకుఁ జెప్పుమాట కాదు. కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను నిరూపించినది. ఋషులకు రథ మెట్టిదో, పల్లెటూరి సంసారికి గూడుబండి యట్టిది. దానిని సవరించుటయందును, తోలుటయందును కుటుంబమంతయు నెట్లు పాలుగొనెడిదో, ఆ పనులలోఁ బిల్ల లెట్లు పెద్దవారైరో మనవిచేసి, ఆ బండి మఱుఁగుపడిన యీ కాలమున దాని చోట మన మేమి యుంచుకొనవలెనో విచారించుట నా యుద్దేశము.

అఱువదేండ్లు దాఁటినవారికి గూడుబండిని వర్ణించి చెప్పనక్కఱ లేదు. అయినను మీ ప్రక్కన మనుమలును మనుమరాండ్రును కూర్చుండి వినుచుండవచ్చును గావున వారికొఱకు నాలుగు మాటలు చెప్పెదను. బరువులు తోలు రెండెద్దుల బండి యొకటి. మనుష్యులు కూర్చుండి పోవుటకు గూడు కట్టిన సవారీబండి యొకటి. తేలికయైన కచ్చడపుబండి మఱియొకటి. సామాన్యపు రైతునకు ఇన్ని బండ్లు ఉండవు. పొలమునకు ఎరువు తోలిన బండియే, తిరునాళ్ల దినములు రాఁగానే శుభ్రముగఁ గడుగఁబడి, గూడు కట్టఁబడి, లోపల వరిగడ్డియు దానిపై జంపఖానాయు పఱువఁబడి, సవారీబండి యగుచుండెను. ఎరువుబండి పల్లకివలె మాఱుటలో ఇంటిల్లిపాదికిని పని యుండెడిది.

బండికి ప్రధానాంగములు కొన్నియే. ఇరుసు, దాని కొనలయందు రెండు చక్రములు, చక్రము జాఱిపోకుండ ఇరుసుకొనను గ్రుచ్చు కడచీల, ముందునకు సాఁగిన నొగలు, వాని చివర కాడి. చక్రమునకు నడుమ నుండునది కుండ. సంస్కృతమున దానిని నాభి యందురు. కుండనుండి బయలుదేరునవి ఆకులు. ఆకుల చివరలను గలుపుచుఁ జుట్టును అమర్చిన వంపుచెక్కలకు నేమి యని పేరు. మా ప్రాంతమునఁ జక్రమునకుఁ బండ్రెండు ఆకులును, ఆఱు వంపుచెక్కలును వేయుట వాడుక. ఒక్కొక్క చెక్క రెండేసి యాకులను పట్టియుండెడిది. వీని యన్నిటిపైని ఇనుపపట్టా. చక్రమునకు నల్లతుమ్మ చేవయు, నొగలకు మద్దియో టేకో శ్రేష్ఠమని మా వడ్రంగి ఆచారి చెప్పుచుండెను.

సంక్రాంతి దాఁటి, ధాన్యము గాదెలఁ జేరిన పిదప బండి సవరణ యారంభమగును. శివరాత్రికిఁ గోటప్పకొండ తిరునాళ్లకుఁ బోవలెను. అప్పటికి బండి సిద్ధము గావలెను. ఎండలు ముదిరినకొలఁది కఱ్ఱ యెండును. కఱ్ఱకు ఒక స్వభావము కలదు. అది తన నార పోవు దిక్కున అంతగాఁ గుంచించుకొనదు; నారకు అడ్డముగా మాత్రము కుంచించుకొనును. అందుచేత ఆకుల పొడుగు తగ్గదు. వంపుచెక్కల మందము తగ్గును. కుండలో ఆకు దిగిన చోట సందు ఏర్పడును. అప్పుడు నడకలోఁ జక్రము కిఱకిఱలాడును. పట్టా వదులై గలగల చప్పుడు చేయును. దీనికిఁ దాత్కాలికోపాయము చక్రములను జెఱువునీట నానవేయుట. కఱ్ఱ నీరు పీల్చి యుబ్బి బిగియును. మరల నెండినచో మరల వదులగును. స్థిరమైన యుపాయము పట్టాను విప్పి, కొంతముక్క తగ్గించి యతికి, మరల నెక్కించుట.

ఈ పట్టా యెక్కించు పని యూరికంతటికి నొక వేడుక. పట్టా లోపలి చుట్టుకొలత, చక్రపు చుట్టుకొలతకంటెఁ గొంచెము తక్కువగా నుండునట్లు కమ్మరి చూచుకొనును. చల్లగా నున్నప్పుడు అది చక్రమునకుఁ బట్టదు. నేలపైఁ బిడకలు వలయముగాఁ బేర్చి, నడుమఁ బట్టా నుంచి, పైనను బిడకలు కప్పి నిప్పు పెట్టుదురు. ఇనుము ఎఱ్ఱబడినంతట నది పెరుగును. ఎంత పెరుగును? అయిదడుగుల యెత్తు గల చక్రమునకుఁ జుట్టుకొలత రమారమి 15 అడుగుల 8 అంగుళములు. ఇనుపపట్టాకు 500 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిమి యెక్కినచో ఆ చుట్టుకొలత అంగుళమునకుఁ గొంచెము పైగాఁ బెరుగును. ఆ యంగుళమే బండివానికి ప్రాణము. పట్టుకారులతో ఇద్దఱు ముగ్గురు పట్టాను లేవనెత్తి చక్రముపై నుంచి సుత్తులతో దిగఁగొట్టి, వెంటనే కడవలతో నీరు కుమ్మరింతురు. ఆవిరి లేచును. ఇనుము చల్లాఱుచుఁ గుంచించుకొని, వంపుచెక్కలను ఆకులవైపునకు, ఆకులను కుండలోనికి నొక్కివేయును. ఆ సమయమున జక్రము మూలిగినట్లు శబ్దము చేయును. ఆ మూలుగు వినిన పిదప ఆచారి కూర్చుండి చుట్ట ముట్టించును. కమ్మరికిని వడ్రంగికిని రొక్కముగా నిచ్చునది స్వల్పము. కళ్లమువద్ద మేర కొలుచుటయే వాడుక.

పొడుగు పెరుగుటను గూర్చి తరువాతి కాలమున నేను పాఠశాలలో బోధింపవలసివచ్చినప్పుడు, పుస్తకములోని లోహపు గుండు ప్రయోగమును జదివి యర్థము గాక చూచుచుండిన పిల్లలకు ఈ పట్టా సంగతి చెప్పఁగానే తెలిసెడిది. వారిలోఁ జాలమంది దానిని గన్నులారఁ జూచినవారే. కడవతో నీరు పోసినవారును గలరు.

ఇఁక కందెన. ఇరుసు కుండలోఁ దిరుగు చోట రాపిడి యధికము. ఆముదములో, కాల్చిన వరిగడ్డి మసిని గలిపి కందెన చేయుదురు. దానిని వెదురుగొట్టములోఁ బోసి బండి క్రింద వ్రేలాడఁగట్టుదురు. కడచీలను ఊడఁదీసి, చక్రమును గొంచెము వెలుపలికి జరిపి, ఇరుసునకు కందెన పూసి, మరలఁ జక్రమును లోనికిఁ ద్రోసి, కడచీలను బిగింపవలెను. పని చిన్నది. కాని దానిలోఁ గడపటి భాగమును మఱచినచో దారిలోఁ జక్ర మూడి, బండి యొరిగి, లోపలి ముసలివారును పసివారును నేలఁబడుదురు. అందుచేత మా తండ్రిగారు బండి కదలుటకు ముందు ప్రతిసారియు ఒక్క ప్రశ్న యడుగుచుండిరి: “కడచీల చూచితివా?”

ఆ ప్రశ్న అడుగఁబడినవాఁడు పదేండ్ల బాలుఁడు. ఇంటి యజమానుఁడు తాను చూచుకొనలేక యడుగలేదు. తాను చూచుకొని కూడ అడుగుచుండెను. తల్లిదండ్రుల, అవ్వతాతల క్షేమము తన చేతిలోఁ గూడ నున్నదని యాబాలునకుఁ దెలియఁజేయుట కది యొక మార్గము. “నీవు బాధ్యత నేర్చుకొనవలెను” అని మా తండ్రిగారు నాకెన్నఁడును జెప్పియుండలేదు.

చాణక్యుని పేర వ్యాపించిన నీతియొకటి మీకుఁ దెలిసినదే. అయిదేండ్లవఱకు బిడ్డను లాలింపవలెననియు, తరువాతి పదేండ్లు శిక్షింపవలెననియు, పదునాఱవ యేఁడు వచ్చినపిమ్మట మిత్రునివలెఁ జూడవలెననియు దాని తాత్పర్యము. దీనిలో నడిమి భాగమును మాత్రము గ్రహించి బెత్తము చేతఁబట్టినవారిని నేను జాలమందిని జూచితిని. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలోఁ బిల్లలను గొట్టుటను, మనసు నొప్పించి హింసించుటను నిషేధించినది, అది న్యాయమే. నా యభిప్రాయములో శిక్ష యనఁగా శిక్షణము. ఆ పదేండ్లలో బిడ్డకు దెబ్బకంటెఁ బని మేలు. ఆ పని యతని వయస్సునకుఁ దగినదై యుండవలెను. ఇంటికి నిజముగాఁ గావలసినదై యుండవలెను.

గూడుబండి యీ శిక్షణమును వయసువారీగాఁ బంచియిచ్చెడిది. అయిదాఱేండ్లవాఁడు గూటికిఁ గట్టు త్రాళ్లను చిక్కు విప్పి యందించును. మువ్వలను జింతపండుతోఁ దోమును. ఎనిమిదేండ్లవాఁడు కందెన కలుపును. వెదురుబద్దలను వంచి కట్టునప్పుడు ఒక కొన పట్టుకొనును. పదేండ్లవాఁడు కడచీల చూచును. ఎడ్లకు నీళ్లు పెట్టును. పండ్రెండేండ్లవాఁడు చక్రమును తట్టి చూచి, ఏ యాకు వదులైనదో శబ్దమునుబట్టి చెప్పఁగలుగును. పదునాలుగు పదునైదేండ్లకు, తండ్రి ప్రక్కనుండఁగా, పగ్గములు చేతికి వచ్చును. పదునాఱేండ్లు దాఁటిన పిమ్మట ఒకనాఁడు తండ్రి వచ్చి గూటిలోఁ గూర్చుండి, “నీవు తోలుము” అనును. చాణక్యనీతిలోని మిత్రత్వ మదియే. దానికి వేఱు ఉత్సవ మక్కఱలేదు.

ఆఁడుబిడ్డల మాట మఱువరాదు. గూటికిఁ గప్పు తాఁటాకు చాపలను అల్లినవారు, ఎడ్ల మెడపట్టెడలను గుట్టినవారు, రెండుదినముల ప్రయాణమునకుఁ బులిహోరయు అరిసెలును గట్టినవారు స్త్రీలే. మా యప్పగారు వదులైన యాకును శబ్దముచేతఁ గనిపెట్టుటలో మా యన్నదమ్ములందఱికంటెను నేర్పరి. అయినను పగ్గములు ఆమె చేతి కెన్నఁడును రాలేదు. అది యానాఁటి యాచారములోని లోపము. పాతకాలమును మెచ్చుకొనునప్పుడు ఆ కాలపు లోపమును దాఁచిపెట్టుట పండితలక్షణము కాదు. నేను జెప్పఁబోవు సూచనలన్నియుఁ గొడుకులకును గూఁతుండ్రకును సమానముగా వర్తించును.

ప్రయాణములో నేర్చుకొను సంగతులు వేఱు. రెండు చక్రముల బండి త్రాసువంటిది. ముందు బరువెక్కువైనచోఁ గాడి యెడ్ల మెడలను నొక్కును. వెనుక బరువెక్కువైనచోఁ గాడి పైకి లేచి మెడపట్టెడ గొంతును బిగించును. కావున ఎవరెచ్చటఁ గూర్చుండవలెనో పెద్దలు నిర్ణయించుచుండిరి. బండి మిట్ట యెక్కునప్పుడు “ముందునకు జరుగుఁడు” అనియు, పల్లమునకు దిగునప్పుడు “వెనుకకు జరుగుఁడు” అనియుఁ గేక వచ్చును. పిల్లలందఱు నవ్వుచు జరుగుచుండిరి. నోరు లేని జీవము మెడపై మన బరువు పడుచున్నదని మా కట్లు తెలిసినది. ఎడ్లు గంటకు మూఁడు నాలుగు కిలోమీటర్లకంటె నడువవు. మధ్యాహ్నపుటెండలోఁ జెట్టునీడను విప్పవలెను. వాని మేఁత ముగిసిన పిదప మన భోజనము. సమ్మక్క సారలమ్మల జాతరకు మేడారమునకుఁ దెలంగాణపు పల్లెలనుండి బండ్లు కట్టుకొని పోయిన కుటుంబములవారును ఇట్టి మాటలే చెప్పఁగా నేను వినియుంటిని.

పుష్కరము పండ్రెండేండ్ల కొకసారి వచ్చును. బృహస్పతి కన్యారాశిలోఁ బ్రవేశించునప్పుడు కృష్ణకుఁ బుష్కరము. ఒక బిడ్డ యెదుగుదలను గొలుచుటకు ఇంతకంటె మంచి కొలకఱ్ఱ లేదు. 1968లోఁ గృష్ణాపుష్కరములకు నేను ఎనిమిదేండ్లవాఁడను. గూడుబండిలో రెండుదినములు ప్రయాణము చేసి అమరావతి చేరితిమి. 1980లో ఇరువదేండ్లవాఁడను, బస్సులోఁ బోయితిని. 1992లో నా బిడ్డలిద్దఱును పసివారు. ఒకరిని భుజముపై నెక్కించుకొని నదిలో దిగితిని. 2004లో వారు నాకంటె ముందు పరువెత్తి మెట్లు దిగిరి. 2016లో వారే తమ కారులో మమ్ములను దీసికొనిపోయి, నా చేయి పట్టుకొని నీటిలోనికి దింపిరి. నలుబదియెనిమిదేండ్లలో, పట్టుకొనిన చేయి యెవరిదో, పట్టువడిన చేయి యెవరిదో తాఱుమాఱైనది. ప్రయాణకాలము మాత్రము రెండుదినములనుండి రెండుగంటలకు దిగినది.

ఈ నడుమనే బండి పోయినది. మొదట ఇనుపపట్టా పోయి రబ్బరు చక్రములు వచ్చినవి. మన వారు వానిని డన్లప్ బండ్లనిరి. పిమ్మట ట్రాక్టరులు వచ్చినవి, ఆటోలు వచ్చినవి, ఇంటింట మోటారుసైకిళ్లు వచ్చినవి. దానికి నేను విచారింపను. ఎడ్ల మెడలపై కాయలు గాచుటను జూచినవాఁడెవ్వఁడును ఆ కాలము మరల రావలెనని కోరఁడు. గర్భిణీస్త్రీని బండిలో రాత్రియంతయుఁ గుదుపుచు ఆసుపత్రికిఁ దీసికొనిపోవు దుఃస్థితియు మనకుఁ దెలియును. కాని బండితోపాటు మఱియొకటి పోయినది. దానిని మన మంతగా గమనింపలేదు.

అది యేదనఁగా, పెద్దలును బిన్నలును ప్రక్కప్రక్కన కూర్చుండి చేతులతో నొకపని చేయు నవకాశము. మా తండ్రిగారు మితభాషులు. భోజనమువద్ద వారితో మాటలాడుటకు మాకు వెఱపు. కాని గూడు కట్టు దినములలో, ఆయన ఒక కొనయు నే నొక కొనయు పట్టుకొని యుండఁగా, ఇద్దఱి కన్నులును వెదురుబద్దపై నుండఁగా, మాట దానంతట నదియే వచ్చెడిది. తమ చిన్నతనములోని కఱవును గూర్చి, చనిపోయిన తమ తమ్మునిగూర్చి ఆయన నాతోఁ జెప్పినది బండిక్రిందఁ గూర్చున్నప్పుడే. నాకు లెక్కలు రావడము లేదని నేను ఆయనతోఁ జెప్పఁగలిగినదియు అచ్చటనే. ఎదురుగాఁ గూర్చుండఁబెట్టి, “ఎన్ని మార్కులు వచ్చినవి? ఏల తగ్గినవి?” అని యడిగినచో బిడ్డ తల వంచుకొనును. ప్రక్కను గూర్చుండి, “ఈ త్రాడు పట్టుకొమ్ము” అన్నచో, కొంతసేపటికిఁ దానే చెప్పును. ముప్పదేండ్లకుఁ బైగా బడిలోఁ బనిచేసి నేను దెలిసికొనిన సత్యములలో నిది యొకటి.

నేఁడు ఇంటిలోని వస్తువేది చెడినను బజారునకుఁ బోవును. లేదా పాఱవేయఁబడి క్రొత్తది వచ్చును. తండ్రి యొక గదిలో, బిడ్డ యొక గదిలో, ఎవరి చేతిలోని ఫోను వారిదిగా నుందురు. బిడ్డలు మాటలాడరని పెద్దలు నాతో మొఱపెట్టుకొందురు. మాటలాడుటకుఁ గావలసిన యాకూర్పు ఇంటిలో నున్నదా యని వారు విచారింపరు.

ఇందునకు దృష్టాంతముగా నొక దూరదేశపు ముచ్చట చెప్పెదను. నా పూర్వవిద్యార్థి యొకఁడు అమెరికాలో నుద్యోగము చేయుచున్నాఁడు. ఆ దేశమున మోటారుకారు వెనుకఁ దగిలించి లాగుకొనిపోవు చిన్న చక్రపుటిల్లు కలదు. దానిని క్యాంపరు అందురు. లోపలఁ బడకలు, చిన్న పొయ్యి, నీటితొట్టి యుండును. సెలవులలోఁ గుటుంబము దానితో నడవులకును కొండలకును బోయి, అందులోనే పండుకొని వచ్చును. మన గూడుబండికి ధనవంతుఁడైన దాయాది యనుకొనుఁడు. నా శిష్యుఁడు చవుకగా వచ్చినదని ఒక పాత క్యాంపరును గొని, దానిని బాగుచేయుటకుఁ బూనుకొనెనఁట. అతనికిఁ బదునాలుగేండ్ల కూఁతురును, పదేండ్ల కొడుకును గలరు.

అతఁడు వ్రాసిన యుత్తరము చదివినప్పుడు నాకు మా యింటి బండిచావడి కన్నులఁ గట్టినది. ఆ క్యాంపరుకు ప్రధానశత్రువు వాననీరు. కప్పు అతుకులయందు పూసిన పూఁత యెండి పగిలినచో నీరు లోనికి దిగి గోడలలోని కఱ్ఱను గుళ్లఁజేయును. కూఁతురు లోపల దీపము పట్టుకొని నిలువఁగా, తండ్రి పైనుండి నీరు పోసి, కాఱుచోటు కనుఁగొనిరఁట. కుళ్లిన కఱ్ఱను దీసి క్రొత్తకఱ్ఱ వేసిరి. చక్రములలోని బేరింగులను విప్పి, పాత గ్రీజును దుడిచి, క్రొత్తది కూర్చు పని కొడుకుది. పదేండ్లవాఁడు, కందెన! టైరులు పైకి బాగుగాఁ గనఁబడినను ఏండ్లు గడచినచో రబ్బరు పగిలిపోవునని తెలిసికొని, వానిని మార్చిరి. బరువు సర్దుటలోను మన ధర్మమే. క్యాంపరు బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్లు కారుకొక్కెముపై నుండవలెనఁట. అంతకుఁ దగ్గినచో వెనుకబండి త్రోవలో నటునిటు నూఁగును. ముందునకు జరుగుఁడు, వెనుకకు జరుగుఁడు అను మన కేక అచ్చట లెక్కగా మాఱినది.

పని యెనిమిది నెలలు పట్టినది. దుకాణమున నిచ్చియున్నచో మూఁడు వారములలో ముగిసెడిదని యతఁడే వ్రాసెను. కాని ఉత్తరములోఁ గడపట నతఁడు వ్రాసిన మాట యిది: ఆ సంవత్సరము కూఁతురు తండ్రితో రెండుమూఁడు మాటలకు మించి మాటలాడుట మానివేసియుండెను. అడిగినచో “ఏమియు లేదు” అనుచుండెను. నాలుగవ నెలలో, గోడకు పలక బిగించుచుండఁగా, బడిలోఁ దన స్నేహితురాండ్రు తన్ను వెలివేసినట్లు చూచుచున్నారని, తనకు బడికిఁ బోవుటకే మనసు పుట్టుటలేదని తండ్రివైపు చూడకయే చెప్పినదఁట. అతఁడును మేకు దిగఁగొట్టుటను ఆపక వినెనఁట. ఆ యెనిమిది నెలలును ఆ యొక్క దినము కొఱకే చేసినట్లు తోఁచినదని వ్రాసెను.

కాఁబట్టి మన యిండ్లలో నేమి చేయవచ్చును? అందఱికిని బండ్లుండవు, క్యాంపరులు మనకక్కఱ లేదు. కాని నులకమంచము వదులైనది. దానిని విప్పి మరల నల్లవలెను. సైకిలు గొలుసు ఎండినది. కడిగి నూనె వేయవలెను. పెరటి దడి పడిపోయినది. ఇంటిగోడకు సున్నము వేయవలెను. ఇట్టి పని యొకటి యేఁటికి ఒక్కటి చాలును. దానిని నడుపుటలో మాత్రము నాలుగు నియమములు పాటింపవలెను.

మొదటిది, పని నిజమైనదై యుండవలెను. బిడ్డ కాలక్షేపమునకుఁ గల్పించిన పనిని బిడ్డ యిట్టే కనిపెట్టును. తాను నల్లిన మంచముపైఁ దాత పండుకొనినప్పుడే యల్లికకు విలువ. రెండవది, పని వయస్సునకుఁ దగినదై, అపాయము లేనిదై, చదువునకు అడ్డురానిదై యుండవలెను. 2016లో సవరింపఁబడిన బాలకార్మికచట్టము పదునాలుగేండ్లలోపు బిడ్డలను బనులలోఁ బెట్టుటను నిషేధించి, అపాయకరము గాని యింటిపనిలో బడివేళలకు వెలుపలను, సెలవులలోను సాయపడుటను మాత్రము మినహాయించినది. ఆ గీఁటును దాఁటి, సాయమను పేరఁ బిడ్డ చదువును దినివేయుట పాపము. మూఁడవది, తొందరపడి వారి చేతిలోని పనిని లాగికొనరాదు. పెద్దవాఁడు గంటలోఁ జేయునది పిల్లవానికి నాలుగు గంటలు పట్టును. ఆ మూఁడు గంటలు పాడుగావు. మాటకు దొరకిన కాలమదియే. నాలుగవది, ఆ సమయమున ఉపదేశములు మానవలెను. ఈ నియమము మనవంటి పెద్దలకు మిక్కిలి కష్టము. అయినను మిక్కిలి యవసరము. బిడ్డ మాటలాడునప్పుడు చేయి పనిపై నుంచి, చెవి మాటపై నుంచవలెను.

తాతలకును అవ్వలకును ఇందులో విశేషాధికారము కలదు. తలిదండ్రులకు సంపాదనచేఁ దీఱిక లేదు; మనకుఁ గలదు. ముడి వేయుట, అల్లుట, విత్తనము చూచి యేరుట, కొడవలికిఁ బదును పెట్టుట మొదలగు విద్యలు మన చేతులలోనే యున్నవి. వానిని మనము పుస్తకములో వ్రాసిపెట్టలేము. సెలవులకు మనుమలు వచ్చినప్పుడు, “మా కాలమున” అని కథ మొదలుపెట్టుటకంటె, నులకయుండ యొకటి వారి చేతఁబెట్టుట మేలు. కథ తరువాత వారే యడుగుదురు.

బిడ్డలు పెరుగుదురు, పెరిగినవారు పోవుదురు. పట్టణమునకో, పరదేశమునకో పోయిన బిడ్డ మన యూరి బండిదారినే నడువవలెనని కోరుట ధర్మము గాదు. పగ్గములు వారి చేతికిచ్చి గూటిలోనికిఁ బోయి కూర్చుండు దినము ప్రతి తండ్రికిని, ప్రతి తల్లికిని వచ్చును. ఆనాఁడు వెనుకనుండి మాటిమాటికి “అటు తోలుము, ఇటు తోలుము” అనకుండుట పెద్దఱికము. మనము చేయఁదగినది ముందే చేయవలెను. బండి కదలుటకు ముందు, పదేండ్ల వయస్సున, వారి చేత కడచీల చూపింపవలెను. ఆ చూపు అలవడిన బిడ్డ యే దేశమున నే బండి నెక్కినను, తన వెంట నున్నవారి క్షేమమును దాను చూచుకొనును.